డాస్ కాలపు ఎపి ఇన్ఫో 6: చాలా ఏళ్లు వాడాక నా మాట

ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించే పనికి నేను వాడినవాటిలో ఇప్పటికీ మొదటి మార్కు ఎపి ఇన్ఫో 6కే. విండోస్ రాకముందు కంప్యూటర్లు నడిపిన డాస్ మీద పనిచేసే ప్రోగ్రాం ఇది, అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్లు రోగాల సర్వేల కోసం చేశారు. 1985లో మొదలైంది, ఈ 6 వచ్చింది 1994లో. పైసా ఖర్చు లేదు, ఫ్లాపీల్లో కాపీ చేసి ఎవరికైనా ఇవ్వొచ్చు. 1996 నవంబరు తుఫాను తర్వాత కోనసీమ ఊళ్ల నుంచి ఇంటింటి సర్వే ఫారాలు కట్టలకొద్దీ వచ్చినప్పుడు అమలాపురంలో దీంతోనే కూర్చున్నాం.

ప్రోగ్రాం రాయడం రాకపోయినా పర్లేదు. కాగితం మీద ప్రశ్నలు ఉన్నట్టే టైపు చేసి, జవాబు పడాల్సిన చోట అంకెలకు హ్యాష్ గుర్తులు, పేర్లకు అండర్‌స్కోర్లు పెడితే చాలు, స్క్రీన్ మీద ఫారం తయారు. తర్వాత చెక్ ఫైల్లో హద్దులు పెట్టుకోవాలి: ఆడా మగా అంటే 1 లేదా 2 మాత్రమే, ఇల్లు పడలేదంటే నష్టం ప్రశ్నలన్నీ దాటెయ్యాలి. తప్పు అంకె కొడితే ముందుకు కదలనివ్వదు. అప్పట్లో అందరూ వాడే డేటాబేస్ ప్రోగ్రాం డీబేస్‌లో ఇదంతా ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సిందే.

చిరాకు పెట్టేది కర్సర్. వయసుకి రెండు గళ్లుంటే 45 కొట్టగానే దానంతట అదే తర్వాతి ప్రశ్నలోకి దూకుతుంది. 5 కొడితే మాత్రం ఎంటర్ నొక్కాలి. అలవాటు కొద్దీ 45 తర్వాత కూడా ఎంటర్ నొక్కామా, తర్వాతి ప్రశ్న ఖాళీగా వెళ్లిపోతుంది. అందుకే ముఖ్యమైన ప్రశ్నలకు 'తప్పనిసరి' అని పెట్టుకోవడం మేలు.

కూలిన కొబ్బరి చెట్లకి ఫారం గీసిన పెద్దమనిషి రెండే గళ్లిచ్చాడు. కోనసీమలో! నూటఇరవై చెట్లు పోయిన రైతుని ఎక్కడ రాయాలి? అదృష్టం కొద్దీ, ఎక్కించిన డేటా పోకుండా గడి పెంచుకునే వీలుంది.

కరెంటు సంగతిలో దీనికి దణ్ణం పెట్టాలి. ఫారం చివర డిస్కులో రాయమంటావా అని అడుగుతుంది, వై నొక్కితే ఆ రికార్డు భద్రం. కరెంటు పోతే పోయేది చేతిలో ఉన్న ఫారమే. యూపీఎస్ లేని గదిలో అంతకన్నా ఏం కావాలి?

దీనికి తెలుగు రాదు. సత్యనారాయణ గారిని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా కొడతారు కాబట్టి పేరుతో వెతకడం దండగ, ఇంటి నంబరే దిక్కు. ఒకే కట్టని ఇద్దరిచేత కొట్టించి రెండు ఫైళ్లని పోల్చి చూపే దీనిలోని వ్యాలిడేట్‌తో చూస్తే ఈ తేడాలన్నీ బయటపడతాయి.

పాత ఫైళ్లున్నవాళ్లు, డాస్ ప్రోగ్రాములని ఇప్పటి కంప్యూటర్లో నడిపించే డాస్‌బాక్స్‌లో తెరిచి డీబేస్ రూపంలోకి మార్చుకోండి, ఎక్సెల్ తీసుకుంటుంది.