గీయడానికి ఇంక్‌స్కేప్, ప్రెస్సుకు ఇలస్ట్రేటర్: ఏళ్ల వాడకం తర్వాత

ఇంక్‌స్కేప్, ఇలస్ట్రేటర్ రెండూ వెక్టర్ (గీతల లెక్కతో ఉండే) బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు. రెండూ ఒకే మెషీన్లో ఏళ్లుగా వాడాక, గీయడం మొదటిదానిలో, ప్రెస్సుకు పంపడం రెండోదానిలో అని పని పంచుకుంటేనే సాఫీగా సాగుతోంది. చిక్కంతా ఫైలు ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి దాటేటప్పుడే.

ముందు సైజు గొడవ. ఇలస్ట్రేటర్‌లో 100 మిల్లీమీటర్ల లోగో గీసి, ఎస్‌వీజీగా (రెండూ తెరవగల వెక్టర్ ఫైలుగా) సేవ్ చేసి ఇంక్‌స్కేప్‌లో తెరిస్తే సాధారణంగా 75 మిల్లీమీటర్లే కనబడుతుంది. ఫైలేమీ పాడవలేదు. ఇలస్ట్రేటర్ లెక్కలో అంగుళానికి 72 పిక్సెళ్లు, ఇంక్‌స్కేప్ లెక్కలో 96. (0.92 వెర్షన్‌కు ముందు 90 ఉండేది. అప్పటి ఫైళ్లు తెరిస్తే సైజు సరిచేయాలా అని అడిగేది అందుకే.) అంతా సెలెక్ట్ చేసి, ట్రాన్స్‌ఫార్మ్ డైలాగ్‌లో స్కేల్ 133.333 శాతం ఇస్తే సరి. అంతకంటే ముందు, పై బార్‌లో స్ట్రోక్ (గీత) మందాన్ని కూడా స్కేల్ చేసే బటన్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ఆఫ్‌లో ఉంటే బొమ్మ పెరుగుతుంది, గీతలు సన్నగానే ఉండిపోతాయి.

ఇది సరిచేసినా కొలతలు కలవకపోతే బౌండింగ్ బాక్స్‌ను, అంటే బొమ్మ కొలత తీసే చుట్టూ ఉన్న పెట్టెను, అనుమానించాలి. 2 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న 100 మిల్లీమీటర్ల చతురస్రాన్ని ఇంక్‌స్కేప్ 102 అని చూపిస్తుంది, స్ట్రోక్ బయటి అంచు దాకా కొలుస్తుంది కాబట్టి. ఇలస్ట్రేటర్ మామూలుగా పాత్ (గీతకు ఆధారమైన అసలు రేఖ) వరకే కొలిచి 100 అంటుంది. ఇంక్‌స్కేప్ ప్రిఫరెన్సెస్‌లో టూల్స్ కింద జామెట్రిక్ బౌండింగ్ బాక్స్ ఎంచుకుంటే రెండూ ఒకే మాట చెబుతాయి.

ఇక నలుపు. ఇంక్‌స్కేప్ పీడీఎఫ్ ఇచ్చేది ఆర్‌జీబీలో, అంటే తెర రంగుల పద్ధతిలో. దాన్ని ఇలస్ట్రేటర్‌లో స్వాప్ కోటెడ్ అనే అచ్చు రంగుల ప్రొఫైల్‌తో సీఎంవైకేకి (నాలుగు సిరాల పద్ధతికి) మారిస్తే నలుపు కాస్తా సయాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90 అవుతుంది. పెద్ద నల్లటి పట్టీకి ఫర్వాలేదు. 8 పాయింట్ల అక్షరాలకు మాత్రం ఇది ప్రమాదం: నాలుగు సిరాల ప్లేట్లలో ఏదైనా వెంట్రుకవాసి జరిగినా అంచుల్లో రంగు తొంగిచూస్తుంది. సెలెక్ట్ మెనూలో సేమ్, ఫిల్ కలర్‌తో ఆ నలుపునంతా ఒక్కసారే పట్టుకుని బ్లాక్ 100, మిగతావి సున్నా చేయండి. బ్లర్ ఉన్న బొమ్మలకు ఇంకో మెలిక ఉంది. పీడీఎఫ్‌లో బ్లర్ పిక్సెళ్లుగా మారిపోతుంది, ఆ రిజల్యూషన్ డిఫాల్ట్‌గా అంగుళానికి 96. సేవ్ చేసేటప్పుడే 300 చేయకపోతే నీడలు గళ్లుగళ్లుగా అచ్చవుతాయి. మెష్ గ్రేడియెంట్ (వల మీద రంగులు కలిపే పద్ధతి) ఎస్‌వీజీలో ఇంక్‌స్కేప్ నుంచి ఇలస్ట్రేటర్‌కు దాటదు, ఆశ వదులుకోండి.

ఇలస్ట్రేటర్ నుంచి వచ్చే ఏఐ ఫైలు (దాని సొంత ఫైలు రకం) ఇంక్‌స్కేప్‌లో తెరుచుకోవాలంటే, సేవ్ చేసినవాళ్లు పీడీఎఫ్ కంపాటిబుల్ ఆప్షన్ టిక్ చేసి ఉండాలి. లేదంటే బొమ్మకు బదులు ఓ ఇంగ్లీషు నోటీసు దర్శనమిస్తుంది.

ఇన్ని తంటాలు పడి ఇంక్‌స్కేప్ ఎందుకంటే, గీసేటప్పటి సుఖం కోసం. నోడ్ (గీతను మలిచే బిందువు) టూల్‌తో వంపునే పట్టుకుని లాగొచ్చు. టైల్డ్ క్లోన్లతో (వరుసగా పేర్చిన నకళ్లతో) వేసిన డిజైన్‌లో అసలు ముక్క ఒక్కటి దిద్దితే మిగతావన్నీ వాటంతటవే మారతాయి. స్కాన్ బొమ్మను ట్రేస్ చేస్తే (సాఫ్ట్‌వేర్‌తో గీతలుగా మారిస్తే) నోడ్లు పుట్టగొడుగుల్లా వస్తాయి, నిజమే. కంట్రోల్ ఎల్ నొక్కితే తగ్గుతాయి. కాకపోతే వెంటవెంటనే నొక్కితే ప్రతిసారీ కోత జోరందుకుని మూలలు గుండ్రమైపోతాయి. ఒకసారి నొక్కి, ఆగి, చూసి, అవసరమైతేనే మళ్లీ నొక్కాలి.

తెలుగు యూనికోడ్ అక్షరాలకు ఇంక్‌స్కేప్‌లో ఏ సెట్టింగూ అక్కర్లేదు, వత్తులు సరిగ్గానే కూర్చుంటాయి. ఇలస్ట్రేటర్‌లో టైప్ ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాకు వరల్డ్-రెడీ కంపోజర్ (అక్షరాలు కూర్చే పద్ధతి) ఎంచుకోవాలి. అచ్చుకు వెళ్లేదైతే ఇంక్‌స్కేప్‌లోనే కంట్రోల్ షిఫ్ట్ సి తో అక్షరాలను పాత్‌గా మార్చేయడం తేలిక. ఆ తర్వాత తప్పు దొరికితే దిద్దడానికి అక్షరాలు ఉండవు కాబట్టి, మార్చకముందటి ఎస్‌వీజీని వేరే పేరుతో దాచుకోండి.