బెంగళూరు నుంచి ఐస్ క్లైంబింగ్: లేహ్ బెటరా, స్పితి బెటరా, ఎవరి తాడు పట్టుకోవాలి

కంఠీరవ స్టేడియంలో క్లైంబింగ్ వాల్ ఎక్కి, వీకెండ్స్‌లో రామనగర కొండల మీద కాస్త చెయ్యి తిరిగిన మన తెలుగోళ్లు ఈ మధ్య చాలామంది ఐస్ క్లైంబింగ్ (గడ్డకట్టిన జలపాతాల లాంటి ఐస్ గోడలు ఎక్కడం) గురించి అడుగుతున్నారు. లద్దాఖ్‌లోని లేహ్, హిమాచల్‌లోని స్పితి రెండు చోట్లా ఎక్కొచ్చాను, అందుకే వివరంగా రాస్తున్నా. సీజన్ రెండింటికీ జనవరి, ఫిబ్రవరి.

ముందు ఎత్తు సంగతి. బెంగళూరు ఉండేది 900 మీటర్ల దగ్గర, లేహ్ 3500. ఢిల్లీలో ఫ్లైట్ మారి పొద్దున్నే దిగేస్తాం, గాల్లో ఆక్సిజన్ మూడో వంతు తక్కువ, ఒంటికి అలవాటయ్యే టైమే ఉండదు. కనీసం 48 గంటలు రూమ్‌లో రెస్ట్ తీసుకోవాల్సిందే. దిగిన మర్నాడే క్లైంబింగ్ అని ప్యాకేజీలో రాసుంటే ఇంకేం చూడక్కర్లేదు, వదిలేయండి. స్పితికైతే చలికాలంలో మనాలి వైపు కుంజుమ్ పాస్ మూసేస్తారు, సిమ్లా, కిన్నౌర్ మీదుగా రోడ్డున పోవాలి, నడుం విరిగిపోతుంది కానీ నాకో, టాబో అంటూ ఆగి ఆగి వెళ్తాం కాబట్టి ఒళ్లు మెల్లగా సర్దుకుంటుంది. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను లేహ్ అనే చెప్తా, ఎందుకంటే ఏదైనా తేడా వస్తే ఎస్ఎన్ఎం హాస్పిటల్ ఊళ్లోనే ఉంది, స్పితిలో మనం ఉండే కాజా ఊరి నుంచి పెద్ద హాస్పిటల్ అంటే చాలా దూరం.

స్టే దగ్గరికొస్తే, చలికాలంలో లేహ్‌లో చాలా హోటళ్లు మూసేస్తారు, పైపులు గడ్డకట్టి కుళాయి రాదు, బకెట్‌తో వేడినీళ్లిస్తారు. కాజాలో మేమున్న హోమ్‌స్టే ఆంటీ మాత్రం బంగారం. రాత్రి భోజనాలయ్యాక బుఖారీ (గదిని వేడిచేసే కట్టెల పొయ్యి) పూర్తిగా ఆరిందో లేదో స్వయంగా చూసి, కిటికీ కాస్త తెరిచి, అప్పుడు పడుకోమనేవారు. చలికి భయపడి తలుపులన్నీ బిగించి నిప్పు పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది, వాసన కూడా రాదు. రూమ్ బుక్ చేసేముందు హీటింగ్ ఏంటో అడగండి.

ఇక గైడ్లు. స్పితిలో మాకు దొరికిన ఇన్‌స్ట్రక్టర్ మొదటి పొద్దున అసలు ఎక్కనివ్వలేదు. ఒక్కొక్కరి బూటుకి క్రాంపాన్ (ఐస్‌లో దిగే ఇనుప ముళ్ల చట్రం) తగిలించి, స్ట్రాప్ కట్టకముందే బూటెత్తి ఊపి చూశాడు, ఊడితే ఆ జత పక్కన పెట్టేశాడు. తర్వాత చదును నేల మీద కాళ్లు ఎడంగా వేసి నడిపించాడు, దగ్గరగా వేస్తే ఓ కాలి ముళ్లు ఇంకో కాలి ప్యాంటుకి తగులుకుని బోర్లా పడతాం. ఎక్కడానికి వాడే ఐస్ గొడ్డలి కొట్టినప్పుడు వచ్చే సౌండ్ వినమన్నాడు: ఐస్ గట్టిదైతే బరువుగా 'ఠప్' మంటుంది, లోపల బోలుగా ఉంటే డొల్ల శబ్దం వస్తుంది, అక్కడ బరువు పెట్టకూడదు. ఉబ్బుగా ఉన్నచోట కొడితే కంచమంత పెళ్ల ఊడి మొహం మీదికొస్తుంది, అందుకే గుంటల్లో కొట్టాలి, కళ్లద్దాలు తియ్యకూడదు.

లేహ్‌లో ఒక ఆపరేటర్ దగ్గర దీనికి పూర్తిగా రివర్స్, పేరెందుకులే. హెల్మెట్లకి పగుళ్లు, పైగా ఫోటోలు బాగొస్తాయని ఎక్కేవాడి కిందే మా గ్రూప్ మొత్తాన్ని నిలబెట్టాడు. పైనుంచి పిడికిలంత ముక్క పడి పక్కనున్న కుర్రాడి భుజానికి తగిలింది. నేను వెంటనే అందర్నీ పక్కకి లాగేశా, ఆ రోజు ఎక్కనని చెప్పేశా, డబ్బులు తిరిగివ్వలేదు, పర్లేదు. ఐస్‌లో పైనుంచి ఊడే ముక్కలు కిందున్నవాళ్లకే తగులుతాయి, బెలే ఇచ్చేవాడైనా (కింద తాడు పట్టుకుని కాపాడేవాడు) సరే ఎక్కేవాడికి పక్కకి నిలబడాలి.

ఇంకోటి, మధ్యాహ్నం ఎండ పడ్డాక ఐస్ స్క్రూ (తాడు తగిలించడానికి ఐస్‌లోకి తిప్పే మర) ఇనుము వేడెక్కి చుట్టూ కరుగుతుంది, తాడు కట్టిన ఆ ఆధారం, అంటే యాంకర్, పొద్దున గట్టిగా ఉన్నా రెండు గంటలకల్లా వదులైపోవచ్చు. మంచి గైడ్ స్క్రూల మీద మంచు కప్పుతాడు, మళ్లీ మళ్లీ చెక్ చేస్తాడు. ఫోన్‌లో ఆపరేటర్‌ని ఇదే అడగండి, జవాబు తడబడితే ఇంకొకర్ని చూసుకోండి. కొత్తవాళ్లు టాప్ రోప్ (తాడు ముందే పైన బిగించి ఉండేది) మీదే ఎక్కాలి, లీడ్ (తాడు తనే తగిలించుకుంటూ ముందెక్కడం) చెయ్యమని ఎవరైనా ఎంకరేజ్ చేసినా వద్దు. కాళ్లకి ముళ్లుంటాయి కాబట్టి లీడ్‌లో చిన్నగా పడ్డా చీలమండ విరగొచ్చు.

గ్లవ్స్ రెండు జతలు, తడిస్తే మార్చుకోడానికి. చలికి మొద్దుబారిన వేళ్లలోకి రక్తం తిరిగొచ్చేటప్పుడు ఏడుపొచ్చేంత నొప్పి పుడుతుంది, కంగారు పడొద్దు, కాసేపటికి తగ్గుతుంది. లోపల కాటన్ బనీను వద్దు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఇన్సూరెన్స్‌లో క్లైంబింగ్ కవర్ అవుతుందో లేదో పాలసీ తెరిచి చదవండి, చాలావాటిలో ఉండదు.

దాదాపు నెల సెలవు దొరికేవాళ్లు మాత్రం ఈ ప్యాకేజీలన్నీ మానేసి పర్వతారోహణ నేర్పే ఉత్తరకాశీ నిమ్‌లోనో డార్జిలింగ్ హెచ్ఎంఐలోనో బేసిక్ కోర్సు చెయ్యండి. ఐస్ క్రాఫ్ట్ (ఐస్ మీద నడిచే, ఎక్కే పద్ధతులు) అందులోనే నేర్పుతారు, సీట్లు తొందరగా నిండిపోతాయి, లీవ్ అప్రూవల్ కోసం ఆగకుండా ముందు అప్లై చేసెయ్యండి.