పడిపోయిన సినిమా చెట్టు కోసం కుమారదేవం వెళ్ళాం

ముందే చెప్పేస్తున్నా, ఫొటోల్లో చూసిన ఆ పెద్ద గొడుగు ఇప్పుడు లేదు. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున దాదాపు 150 ఏళ్ళు నిలబడి, లెక్కలేనన్ని సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు 2024 ఆగస్టులో చీలి పడిపోయింది. పడిపోయినదాన్ని చూడ్డానికి రైలెక్కడం దేనికే అంటే అమ్మ వినలేదు. చిన్నప్పుడు పట్టిసీమ తీర్థానికి లాంచీలో వెళ్తూ దాన్ని చూసిందట.

భీమవరంలో ఎక్కినవాళ్ళం కొవ్వూరులో దిగకుండా, మంచి గదులుంటాయని రాజమండ్రి దాకా పోయాం. అదే మా తెలివితక్కువ. 1,500 పెట్టి గది తీసుకుంటే పొద్దున్న ఒక్క గంటే వేడినీళ్ళు, ఆ గంటలోనూ మా కుళాయికి రాలేదు, కింద కుర్రాడు మాత్రం "వచ్చేత్తాయండీ" అంటూనే ఉన్నాడు. పైగా చెట్టు కోసం మళ్ళీ గోదావరి దాటి వెనక్కే రావాలి. టిఫిన్లకి మాత్రం రాజమండ్రికి వంక పెట్టలేను. రోడ్డు కం రైలు వంతెన మీద వస్తుంటే కింద రైలు పోతూ ఆటో అంతా అదిరింది, అమ్మకి అదో సరదా. మీరైతే కొవ్వూరులోనే దిగి, గోష్పాద క్షేత్రం రేవు చూసుకుని, అక్కణ్ణించి ఆటో రానూపోనూ మాట్లాడుకోండి. తిరిగొచ్చేటప్పుడు దొరకడం కష్టం. గట్టు దగ్గర మాకు బాత్రూమ్ కనబడలేదు, ఊళ్ళో ఒకావిడ వాళ్ళింటికి తీసుకెళ్ళింది కాబట్టి సరిపోయింది.

చెట్టు సంగతికొస్తే, మొదలు చుట్టూ నడుస్తుంటే ఎంత నీడ పోయిందో అప్పుడు అర్థమైంది, ఎండ నెత్తిమీదే ఉంది మరి. కూలాక రోటరీ క్లబ్బు వాళ్ళు పూనుకుని వైద్యం చేయిస్తే మళ్ళీ చిగుర్లేసింది. మధ్యాహ్నం వచ్చినవాళ్ళు ఓ సెల్ఫీ తీసుకుని "ఇంతేనా" అనుకుంటూ పోతున్నారు. మేం పొద్దుగూకేదాకా ఉన్నాం. వెలుతురు తగ్గేకొద్దీ ఆ లేత రెమ్మల ఆకులు కూడా పెద్ద చెట్టువి ముడుచుకున్నట్టే ముడుచుకున్నాయి.

"చూశావా, పడుకుంది" అంది అమ్మ.

ఆటో అతను హారన్ మీద హారన్. వెయిటింగుకి ఇంకో వంద అడిగాడు, బేరమాడకుండా ఇచ్చేశా.