హైదరాబాద్–విశాఖ: విమానంలో గంటా పావు, గుమ్మం నుంచి గదికి ఆరు గంటలు

శంషాబాద్ నుంచి విశాఖ విమానాశ్రయానికి గగనమార్గంలో దూరం సుమారు 510 కిలోమీటర్లు. టికెట్ మీద గంటా 15 నిమిషాలు అని ఉంటుంది. అందులో గాలిలో ఉండేది గంటలోపే. మిగతాది రన్‌వే దాకా వెళ్లడానికి, దిగాక ఆగే చోటుకి చేరడానికి పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకుని 2024 డిసెంబరులో వెళ్లొచ్చాను. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ గంటా పావును నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దు.

ఉప్పల్‌లో ఉదయం 7 గంటలకు క్యాబ్ ఎక్కాం. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఎయిర్‌పోర్టుకి గంట పట్టింది. బుకింగ్ అప్పుడే వీల్‌చెయిర్ అడిగినా, కౌంటర్ దగ్గర 20 నిమిషాలు అమ్మ నిలబడే ఉంది. నాకు చాలా బాధేసింది. ఆ తర్వాత వచ్చిన అబ్బాయి మాత్రం సెక్యూరిటీ దాటించి, సీటు దాకా ఎంతో ఓపికగా తీసుకెళ్లాడు. పదిన్నరకు బయల్దేరి, పావు తక్కువ పన్నెండుకు దిగాం. సామాను వచ్చి, క్యాబ్ దొరికి, బీచ్ దగ్గర గదికి చేరేసరికి ఒంటి గంట. మొత్తం ఆరు గంటలు.

గది విషయంలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. సముద్రం కనిపిస్తుందని ఆర్కే బీచ్ దగ్గర తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, కిటికీలోంచి అలలు కనిపిస్తాయి. కానీ అమ్మ వచ్చింది అప్పన్న దర్శనానికి. సింహాచలం ఊరికి ఇంకో పక్కన, విమానాశ్రయం వైపే దగ్గర. మొదటి రాత్రి గోపాలపట్నం వైపు ఉండి, దర్శనం అయ్యాక బీచ్‌కి మారి ఉంటే అమ్మకు ఒక పూట శ్రమ తగ్గేది.

తిరుగు ప్రయాణం వందేభారత్‌లో. 2023 జనవరిలో మొదలైన ఈ రైలుకి సికింద్రాబాద్ దాకా ఎనిమిదిన్నర గంటలు, కాస్త అటూ ఇటూ. రైలు దారి దాదాపు 700 కిలోమీటర్లు. విమానం దాదాపు తిన్నగా తూర్పుకి పోతుంది. రైలేమో విజయవాడ దాకా కిందికి దిగి, అక్కడి నుంచి ఖమ్మం, వరంగల్ మీదుగా పైకి ఎక్కుతుంది. ఆ తేడా అక్కడే వస్తుంది.

తెల్లవారుజామున ఐదూ ముప్పావుకే బండి కాబట్టి నాలుగింటికి లేవాల్సి వచ్చింది. అదొక్కటే ఇబ్బంది. ఎక్కాక క్యూలు లేవు, ఎదురుచూపులు లేవు. కాళ్లు పట్టేసినప్పుడల్లా అమ్మ లేచి నాలుగడుగులు వేసింది. ఇంటికి చేరాక, విమానం దిగిన రోజు కంటే తేలిగ్గా కనిపించింది. ఒక్క రోజులో పని చూసుకుని రావాల్సిన వాళ్లకు విమానమే మంచిది. అమ్మతో అయితే ఇకపై రైలే.

రాజమండ్రి దాటి గోదావరి మీదికి రాగానే అమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. ఈ బండి అద్దాలు తెరుచుకోవు. దణ్ణం పెట్టుకుని మళ్లీ ముడేసుకుంది.