జర్మనీ సూపర్‌మార్కెట్ గుడ్లు: పెంకు ఉన్నంతసేపు నాలుగున్నర స్టార్లు

లైప్‌జిగ్ వచ్చి రెండేళ్ళు దాటింది, ఇక్కడ నేను అన్నిటికంటే ఎక్కువసార్లు కొన్నది ఏంటంటే బియ్యం కూడా కాదు, గుడ్లే. మాస్టర్స్ చేసేవాళ్ళకి తెలిసిందే కదా, రాత్రి పదింటికి రూముకొచ్చి వండుకునేది ఏముంటుంది, ఇంత అన్నం, ఉల్లిపాయ వేసి గుడ్డు పొరటు, పక్కన అమ్మ పంపిన ఆవకాయ, అంతే. కాబట్టి ఈ రివ్యూ రాసే అర్హత నాకు ఫుల్లుగా ఉంది. మా బిల్డింగ్ కింద ఉన్న సూపర్‌మార్కెట్లో దొరికే 10 గుడ్ల డబ్బా గురించి రాస్తున్నా, షాపు పేరు ఎందుకు చెప్పట్లేదంటే ఏ షాపుకెళ్ళినా దాదాపు ఇదే గుడ్డు, ఇదే రూలు.

మొదటిసారి డబ్బా తెరిస్తే ప్రతి గుడ్డు మీదా ఎర్ర సిరాతో ఒక నెంబర్ కొట్టి ఉంది, 2-డీఈ-14 అని మొదలై ఇంకో ఐదంకెలు. నేను ఎక్స్‌పైరీ డేట్ అనుకున్నా. మా బాబాయికి తణుకు దగ్గర లేయర్ కోళ్ళ, అంటే గుడ్లుపెట్టే కోళ్ళ ఫారం ఉంది, వీడియో కాల్లో చూపిస్తే ఆయన కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి "ఏరా, గుడ్లక్కూడా ఆధార్ కార్డులిచ్చేశారా మీవాళ్ళు" అన్నాడు. నిజంగా ఆధారే అది. డీఈ అంటే జర్మనీ, తర్వాత 14 అంటే మా సాక్సనీ రాష్ట్రం, ఆ తర్వాత ఫారం నెంబరు, చివరి అంకె ఆ ఫారంలో ఏ షెడ్డో. అన్నిటికంటే ముందున్న అంకే అసలు సంగతి. 0 అంటే ఆర్గానిక్, 1 అంటే బయట తిరిగే కోడి, 2 అంటే షెడ్డు లోపలే కానీ కేజ్ లేకుండా తిరిగే కోడి, 3 అంటే కేజ్. ఇక్కడ కేట్ అని గుడ్ల వ్యాపారవాళ్ళదే ఒక సంఘం ఉంది, వాళ్ళ వెబ్‌సైట్లో ఈ నెంబర్ కొడితే ఫారం ఏ ఊళ్ళో ఉందో కూడా వస్తుంది, నా గుడ్డు పుట్టిన ఊరు రైల్లో గంట దూరం అని తెలిసి ఆ రోజు నాకెందుకో చాలా సంతోషమేసింది, పనీపాటా లేని సంతోషం అనుకోండి.

ఇంకో టిప్పు, డబ్బా మీద రాసింది చూసి మోసపోకండి. డబ్బా మీదుండే కోడ్ గుడ్లు ప్యాక్ చేసిన చోటుది, కోడి పెట్టిన చోటుది కాదు, పైన జర్మనీ కోడ్ ఉండి లోపల గుడ్డు మీద ఎన్ఎల్ అని ఉండొచ్చు, అంటే నెదర్లాండ్స్ గుడ్డు. డబ్బా మూత తెరిచి చూస్తే ఎవరూ ఏమీ అనరు, ఇక్కడ ముసలమ్మలందరూ తెరిచే చూస్తారు, పగిలినవి ఉన్నాయేమోనని.

సరే ఈ నెంబరు ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి, లేకపోతే స్టార్లు ఎందుకు కట్ చేశానో అర్థం కాదు. యూరోపియన్ యూనియన్ 1999లో ఒక చట్టం చేసింది, మామూలు బ్యాటరీ కేజ్‌లు, అంటే వరసగా పేర్చిన ఇరుకు ఇనుప గూళ్ళు, 2012 జనవరి 1 నుంచి బంద్ అని. గుడ్డు మీద ముద్ర 2004 నుంచి తప్పనిసరి చేశారు. అదే 2012 జనవరిలో మొత్తం ఖండానికి కాకపోయినా యూనియన్ దేశాలన్నిటికీ కలిపి జంతు సంక్షేమ వ్యూహం అని 2012 నుంచి 2015 వరకు ఒక ప్లాన్ కూడా పెట్టారు. 12 ఏళ్ళు టైమిచ్చినా గడువు వచ్చేసరికి 27 దేశాల్లో 13 దేశాలు రెడీగా లేవు, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, నెదర్లాండ్స్ లాంటి పెద్దవాళ్ళు కూడా అందులో ఉన్నారు, నోటీసులు వెళ్ళాయి, ఇటలీ, గ్రీస్ వ్యవహారం ఏకంగా కోర్టు దాకా పోయింది. పరీక్ష ముందు రోజు రాత్రి సిలబస్ తెరిచే మా బ్యాచ్ గుర్తొచ్చింది నాకు. జర్మనీ మాత్రం 2010 నాటికే ఆ పాత కేజ్‌లు తీసేసింది, అది ఒప్పుకోవాలి.

ఇప్పుడు చోటు లెక్క. బాబాయితో ఎక్కువసేపు మాట్లాడింది దీని గురించే. పాత కేజ్‌లో కోడికి ఇవ్వాల్సిన చోటు 550 చదరపు సెంటీమీటర్లు, అంటే ఏ4 పేపర్ కంటే తక్కువ. 2012లో యూరప్ మానేసింది దీన్నే. మన దగ్గర 2023లో గుడ్లుపెట్టే కోళ్ళకి కేంద్రం రూల్స్ తెచ్చింది కదా, అందులో కోడికి కనీసం ఇంత అని పెట్టిన చోటు ఎంతనుకుంటున్నారు, అదే 550. అంటే వీళ్ళు వదిలేసిన నెంబర్ దగ్గర మనం మొదలెట్టాం. బాబాయి దీనికి ఒప్పుకోలేదు, "అదయినా వచ్చిందిరా, ముందు అదీ లేదుగా, కేజ్‌కి ఒక కోడి తగ్గించమంటే ఆ నష్టం నెక్ రేటులో ఎవడు కలుపుతాడు" అన్నాడు. ఆయన బాధ ఆయనది, నెక్ అంటే మన దగ్గర గుడ్ల రేటు చెప్పే సంఘం, వాళ్ళ రేటు పొద్దున్నే వంద గుడ్లకి ఇంత అని వచ్చేస్తుంది, ఆ గుడ్డు పెట్టిన కోడి ఎంత చోట్లో ఉందనేది ఆ రేటులో ఎక్కడా ఉండదు.

ఇక్కడ నెంబర్ 3 ఉందే, అది కూడా పాత బ్యాటరీ కేజ్ కాదు, కొంచెం పెద్ద కేజ్, యూరప్ రూలు ప్రకారం కోడికి కనీసం 750 చదరపు సెంటీమీటర్లు, కూర్చోడానికి ఒక కర్ర, గుడ్డు పెట్టుకోడానికి ఒక మూల, కాళ్ళతో గీక్కోడానికి కాస్త చోటు. నేను చూసిన ఏ షాపులోనూ పచ్చి గుడ్డు మీద 3 కనపళ్ళేదు, జర్మనీలో అలాంటి కోళ్ళు నూటికి ఐదు కూడా లేవు. నెంబర్ 2 అంటే చదరపు మీటరుకి 9 కోళ్ళు. నెంబర్ 1 కి లోపల అంతే, కానీ బయట ఒక్కో కోడికి 4 చదరపు మీటర్లు. 0 కి లోపల చదరపు మీటరుకి 6 కోళ్ళే, బయట 4 చదరపు మీటర్లు, పైగా ఆర్గానిక్ మేత.

మరి తింటే తేడా ఉందా? ఒకే వారం మూడూ కొని టెస్ట్ చేశా, రూమ్మేట్ కళ్ళు మూసుకుని తిన్నాడు, వాడికి ఏదీ తెలీలేదు, నాకూ తెలీలేదు. ఇగురులో అయితే అసలు కనిపెట్టలేం, మన కారం ముందు ఏ కోడి అయినా ఒకటే. పచ్చసొన రంగు చూసి ఆర్గానిక్ అనుకోకండి, ఆ నారింజ రంగు మేతలో కలిపే మిరప, బంతిపూల రంగు వల్ల వచ్చేది, నా 0 నెంబర్ గుడ్డు సొన అన్నిటికంటే పాలిపోయి ఉంది, పాపం. ఇక్కడ గుడ్లు కడగరు, అది రూలే, కాబట్టి అక్కడక్కడా ఈకముక్క, మరక ఉంటాయి, కంగారు పడొద్దు. రేటు సంగతి, నేను కొన్నప్పుడు 2 నెంబర్ పది గుడ్లు రెండు యూరోలు అటూఇటూ, 0 అయితే మూడున్నర దాకా. స్టూడెంట్ని, నెలాఖరులో 2, పార్ట్‌టైం జీతం పడ్డ వారం 1, అంతకంటే నా జీవకారుణ్యం సాగదు.

1 నెంబర్ గురించి ఒక చిన్న చేదు నిజం. బర్డ్ ఫ్లూ వస్తే కోళ్ళని బయటకి వదలొద్దని ఆర్డర్లు ఇస్తారు, చలికాలంలో ఇది తరచూ ఉంటుంది. ముందు 16 వారాలు దాటి లోపలే ఉంటే ఆ గుడ్డుని 2 గా అమ్మాల్సి వచ్చేది. 2023 చివర్లో ఆ గడువు తీసేశారు, ఇప్పుడు ఆర్డరు ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళూ లోపలున్నా అది 1 నెంబరే. రైతు తప్పు కాదు, షెడ్డూ పొలమూ రెండూ మెయింటెయిన్ చేస్తున్నాడు పాపం, కానీ నేను 1 కి ఎక్స్‌ట్రా డబ్బులిచ్చి తెచ్చుకున్న కోడి ఆ నెల ఎండ చూడలేదు.

ఇక్కడిదాకా నాకు పెద్ద కంప్లయింట్ లేదు. అసలు కంప్లయింట్ పెంకు పగిలాక మొదలవుతుంది.

పోయిన ఏడాది ఒక బేకరీ కిచెన్లో నాలుగు నెలలు పార్ట్‌టైం చేశా. అక్కడ గుడ్డు పగలగొట్టడం అనే పనే లేదు, పచ్చసొన తెల్లసొన కలిపేసిన ద్రవం పెద్ద పెద్ద సంచుల్లో వస్తుంది, కుళాయి తిప్పితే గిన్నెలో పడుతుంది. మొదటి వారం సంచి తిప్పి తిప్పి చూశా, 2 ఏదీ, 1 ఏదీ అని. ఓవల్ ముద్ర ఒకటి ఉంది, అది ఎక్కడ ప్రాసెస్ చేశారో చెప్తుందంతే, కోడి ఏ దేశంలో ఏ షెడ్డులో ఉందో చెప్పదు. సూపర్‌వైజర్ని అడిగితే నన్ను ఎగాదిగా చూసి "గుడ్డే కదా" అన్నాడు. అప్పుడు చదివితే తెలిసింది, ముద్ర రూలు పెంకుతో ఉన్న పచ్చి గుడ్డుకే. కేకు, బిస్కెట్, నూడుల్స్, మయోనైజ్, హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ దగ్గర గుట్టగా పోసే ఆమ్లెట్ తురుము, వీటి మీద కోడి ఎలా బతికిందో రాయక్కర్లేదు. కొన్ని కంపెనీలు వాళ్ళంతట వాళ్ళే రాస్తాయి, రాసినవాళ్ళకి దండం. యూనియన్ మొత్తం మీద గుడ్లుపెట్టే కోళ్ళలో నూటికి దాదాపు 40 ఇంకా కేజ్‌ల్లోనే ఉన్నాయి, ఇక్కడ షాపు అరల్లో ఒక్క 3 నెంబర్ కూడా కనపడనప్పుడు ఆ గుడ్లన్నీ ఎక్కడికి పోతున్నాయి అని నాలుగు నెలలు ఆ కుళాయి తిప్పుతూ ఆలోచించా.

ఇంకా నవ్వొచ్చేది రంగు గుడ్లు. ఈస్టర్‌కి ఉడికించి రంగులేసిన గుడ్లు అమ్ముతారు, ఇప్పుడు ఏడాదంతా బిల్లింగ్ కౌంటర్ దగ్గరే ఉంటున్నాయి. ఉడికించి రంగేస్తే అది చట్టం లెక్కలో పచ్చి గుడ్డు కాదు, ముద్ర అక్కర్లేదు. పెంకు అలాగే ఉంది చూడండి, దాని మీద నెంబర్ మాత్రం మాయం.

నేనొక్కడినే అంటున్నది కాదు ఇది. యూరోపియన్ కోర్ట్ ఆఫ్ ఆడిటర్స్, అంటే వీళ్ళ కాగ్ అనుకోండి, 2018లో ఇందాక చెప్పిన ఆ 2012 జంతు సంక్షేమ వ్యూహం మీదే రిపోర్ట్ రాసింది, జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, పోలెండ్, రొమేనియా తిరిగి చూసి మరీ. టైటిల్లోనే పెద్ద లక్ష్యాలకీ ఆచరణకీ మధ్య గ్యాప్ అని పెట్టేశారు. కొన్నిచోట్ల బాగానే మారింది అంటూనే, ప్లాన్లో ఉన్న పనులు లేటయ్యాయనీ, పంది పిల్లల తోకలు కోయడం, దూర ప్రయాణాలు, కబేళాలో స్పృహ తప్పించే పద్ధతి, వీటిలో ఇంకా గోల ఉందనీ రాశారు. తోకల సంగతి మరీ ఘోరం, మామూలుగా కోయకూడదని చట్టం 1990ల నుంచీ ఉంది, స్వీడన్, ఫిన్లాండ్ పూర్తిగా మానేశాయి, చాలా దేశాల్లో మాత్రం అదే రివాజు. నా లెక్కలో కారణం సింపుల్. గుడ్డుకి పెంకుంది, దాని మీద ముద్ర కొట్టొచ్చు, మా కింద షాపు ముసలమ్మ డబ్బా తెరిచి చదవొచ్చు, నచ్చకపోతే పక్క డబ్బా తీసుకోవచ్చు. ప్యాకెట్లో వచ్చే సాసేజ్‌కి తోక ఉందో లేదో ఎవరు చూస్తారు?

ఇక కేజ్‌లు పూర్తిగా ఎత్తేయమని దాదాపు 14 లక్షల మంది సంతకాలు పెట్టి ఇస్తే, 2021 జూన్లో యూరోపియన్ కమిషన్ సరే అంది, 2023 చివరికల్లా బిల్లు తెస్తామంది. 2023 డిసెంబర్లో వచ్చింది జంతువుల రవాణా మీద ఒకటి, కుక్కలు పిల్లుల మీద ఒకటి. కేజ్‌ల బిల్లు రాలేదు. మన అసెంబ్లీలో హామీలు చూసి పెరిగినవాళ్ళం, నాకేమీ కొత్తగా అనిపించలేదు.

మంచి ఒకటి మర్చిపోయా. మా డబ్బా మీద కోడిపిల్లల్ని చంపకుండా అని రాసి ఉంటుంది. గుడ్లుపెట్టే జాతిలో మగపిల్ల పుడితే గుడ్డూ పెట్టదు, మాంసానికీ సరిగా పెరగదు, అందుకని పుట్టిన రోజే చంపేసేవాళ్ళు, జర్మనీలో ఏడాదికి కోట్లలో. 2022 జనవరి నుంచి ఇక్కడ అది నిషేధం, ఇప్పుడు గుడ్డు పొదుగులో ఉండగానే ఆడో మగో చూసేస్తున్నారు, లేదా మగవాటిని కూడా పెంచుతున్నారు. ఇది ఈ దేశం సొంతంగా చేసింది, ఖండం మొత్తానికి కాదు. దీనికి మాత్రం గుడ్డుకి ఒకటి రెండు సెంట్లు ఎక్కువైనా నేను ఏడవను.

స్టార్లు: పచ్చి గుడ్డు డబ్బాకి నాలుగున్నర, అర స్టార్ బర్డ్ ఫ్లూ వ్యవహారానికి కట్ చేశా. అదే షాపులో గుడ్డు నూడుల్స్‌కి ఒకటిన్నర, రంగు గుడ్డుకి ఒకటి, ఆ ఒకటీ రాత్రి లేటైనప్పుడు ఉప్పు ప్యాకెట్‌తో సహా రెడీగా దొరుకుతుందని. కొనేవాళ్ళకి నా సలహా, 3 వద్దు, 2, 1, 0 లో ఏదైనా తీసుకోండి, మూత తెరిచి పెంకు చదవండి. డిసెంబర్లో ఇంటికెళ్తున్నా, ఒక ఖాళీ డబ్బా సూట్‌కేస్‌లో పెట్టుకెళ్ళాలి. ఆ ముద్ర కొట్టే మెషిన్ ఎంతుంటుందో కూడా కనుక్కుని రమ్మన్నాడు బాబాయి.