హనుమకొండలో హాఫ్ మారథాన్ శిక్షణ బ్యాచ్: 14 వారాల తర్వాత ఒక సమీక్ష

హనుమకొండలో ఉదయం పూట నడిచే ఒక హాఫ్ మారథాన్ శిక్షణ బ్యాచ్‌లో మే మూడో వారంలో చేరి, ఆగస్టు చివర హైదరాబాద్ మారథాన్‌లో 21.1 కిలోమీటర్లు పూర్తి చేసేవరకు అందులోనే కొనసాగిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. బ్యాచ్‌ను నడిపేది ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు. ఆయనకు తోడుగా ఇద్దరు యువ అథ్లెట్లు ఉంటారు. 14 వారాలకు రుసుము 4,500 రూపాయలు. వారానికి రెండు రోజులు ట్రాక్ మీద, ఆదివారం రోడ్డు మీద అందరూ కలిసి పరిగెత్తాలి. మిగిలిన రోజుల్లో చేయవలసినది ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో వస్తుంది. ఆగకుండా 5 కిలోమీటర్లు పరిగెత్తగలిగిన వాళ్లనే చేర్చుకుంటారు. అది చేతకాని వాళ్లను రెండు నెలలు నడక, పరుగు కలిపి సాధన చేసి రమ్మని పంపేస్తారు. ఈ షరతు విని నొచ్చుకుని వెళ్లిపోయిన వాళ్లు ఉన్నారు గానీ, వచ్చిన డబ్బు వద్దనుకోగలిగిన శిక్షకుడి మీద నాకు ఆ రోజే కొంత నమ్మకం కలిగింది. బ్యాచ్ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే లోటుపాట్లు కూడా చెప్పబోతున్నాను. పైగా ఎక్కడ చేరినా చూసుకోవలసిన విషయాలు ఇవే.

నేను కట్టిన రుసుముకు దక్కిన అసలు ప్రతిఫలం, నన్ను నెమ్మదిగా పరిగెత్తించడమే. తొలిసారి ఈ దూరానికి సిద్ధమయ్యేవాళ్లలో చాలామంది రోజూ ఒకే మధ్యరకం వేగంతో పరిగెడతారు. అది ఓపిక పెంచేంత తేలికగానూ ఉండదు, వేగం పెంచేంత కఠినంగానూ ఉండదు, మర్నాటికి కాళ్లు మాత్రం బరువెక్కిస్తుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు వృద్ధి కావడానికి, శరీరం కొవ్వును ఇంధనంగా వాడుకోవడం అలవాటు చేసుకోవడానికి తేలిక పరుగు ఎక్కువసేపు చేయాలి. దూరపు పరుగుల్లో ఆరితేరిన అథ్లెట్ల శిక్షణలో సుమారు 80 శాతం ఇటువంటి పరుగే ఉంటుందని క్రీడాశాస్త్ర పరిశోధకులు గమనించారు. ఈ సంగతి ఎన్నిచోట్ల చదివినా ఒంటరిగా పరిగెత్తేటప్పుడు పాటించడం కష్టం, ఎందుకంటే పక్కనుంచి ఎవరైనా దాటిపోతే కాళ్లు వాటంతట అవే వేగం పెంచుతాయి. మా కోచ్ గారు సైకిల్ మీద పక్కనే వస్తూ, "మెల్లగ ఉరుకు తమ్మీ, నాతోటి మాట్లాడుకుంట ఉరుకు" అని ఇంజనీరింగ్ విద్యార్థులను వెంటాడేవారు. మాట మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్టే, వెంటనే తగ్గించాలి. ఆయన పెట్టిన కొలమానం అదొక్కటే.

గడియారాలను ఆయన పెద్దగా లెక్కచేయరు, దీనికి ఆయన చెప్పే కారణం సబబైనదే. 220 నుంచి వయసును తీసివేసి గరిష్ఠ గుండె వేగాన్ని అంచనా వేసే లెక్క ఒక్కొక్కరి విషయంలో పది, పదిహేను స్పందనల తేడాతో తప్పవచ్చు. మణికట్టు మీది సెన్సార్ చెమటకు, పట్టీ వదులుకు తడబడి కొన్నిసార్లు అడుగుల లయనే గుండె లయగా చూపిస్తుంది. తేలికగా పరిగెడుతుంటే గడియారం 175 చూపిస్తోందని కంగారుపడిన వాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు. మెడ దగ్గర వేలు పెట్టి లెక్కిస్తే 140 దగ్గరే ఉండేది.

వరంగల్‌లో మే నెలలో ఈ శిక్షణ మొదలుపెట్టడమంటే మొదట ఎండతో బేరం కుదుర్చుకోవడమే. పగలు 42, 43 డిగ్రీలకు చేరే రోజుల్లో రాత్రంతా వేడెక్కి ఉన్న సిమెంటు రోడ్లు తెల్లవారుజాముకు కూడా పూర్తిగా చల్లారవు. ఒంటిని చల్లబరచడానికి రక్తంలో కొంత భాగం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తంలోని నీరు తగ్గుతుంది, అందువల్ల అదే వేగానికి గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. ఈ వేడికి శరీరం అలవాటు పడటానికి దాదాపు రెండు వారాలు పడుతుందని చెప్పి, మొదటి రెండు వారాలు దూరం ఏమాత్రం పెంచకుండా ఉదయం 5 గంటలకే మొదలుపెట్టి 6 దాటకముందే ముగించారు. అప్పుడు విసుగనిపించిన ఆ జాగ్రత్త విలువ జూన్‌లో తెలిసింది. తొలకరి పడగానే పరుగు సులువవుతుందని అందరం అనుకున్నాం గానీ, గాలిలో తేమ పెరిగితే చెమట ఆరదు, చెమట ఆరనిదే ఒళ్లు చల్లబడదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గినా శ్రమ అంతగా తగ్గలేదు. ఫోన్ యాప్‌లలో దొరికే ఉచిత ప్రణాళికలు కిలోమీటరుకు ఇన్ని నిమిషాలని అంకె ఇచ్చి ఊరుకుంటాయి. ఆ అంకె చల్లని దేశాల్లో పరిగెత్తేవాడికీ, జూలైలో హనుమకొండలో పరిగెత్తేవాడికీ ఒకటే. ఈ బ్యాచ్‌లో వేగం అంకెను ఆ ఉదయపు గాలిని బట్టి మార్చేవారు, కొన్ని రోజులు పూర్తిగా తీసేసేవారు.

ఆదివారపు దూరపు పరుగులు ఈ సేవలో రెండో బలం. 6 కిలోమీటర్లతో మొదలై, రెండు మూడు వారాలు పెంచి ఒక వారం తగ్గిస్తూ 18 వరకు తీసుకెళ్లారు. శిక్షణలో 21 ఎందుకు పరిగెత్తించరని చాలామంది అడిగారు. 18 పూర్తి చేయగలిగిన శరీరం తగినంత విశ్రాంతి తర్వాత మిగిలిన మూడు కిలోమీటర్లూ లాగుతుందని, అభ్యాసంలోనే పూర్తి దూరం పరిగెత్తితే కోలుకోవడానికి పట్టే రోజులు తర్వాతి వారాన్ని పాడుచేస్తాయని కోచ్ గారి సమాధానం. దారుల ఎంపికలో ఆలోచన కనిపించింది. మొదటి వారాల్లో ఎత్తుపల్లాలు లేని వడ్డేపల్లి చెరువు కట్ట. తర్వాత కాకతీయ యూనివర్సిటీ మీదుగా హసన్‌పర్తి రోడ్డు. ఒక ఆదివారం హనుమకొండ నుంచి వరంగల్ దాటి ఖిలా వరకు, మట్టికోట గోడను దాటి నాలుగు తోరణాల దగ్గర వెనుదిరిగి రావడం. హైదరాబాద్ మారథాన్ దారిలో ఫ్లైఓవర్లు, ఎక్కుడు రోడ్లు ఎక్కువ కాబట్టి జూలైలో కాజీపేట ఫాతిమానగర్ వంతెనను అటూ ఇటూ ఎక్కించి దింపారు. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే తొడ కండరాలు ఎక్కువగా దెబ్బతింటాయని, దిగేటప్పుడు పెద్ద అంగలు వేయకూడదని అక్కడ నేర్చుకున్నది పోటీ రోజు చాలామందికి పనికొచ్చింది.

నీళ్ల విషయంలో ఆయన చెప్పే మాటలు మామూలుగా వినే సలహాలకు భిన్నంగా ఉంటాయి. దాహం వేసినా వేయకున్నా తాగుతూ పోవడం మంచిది కాదని, గంటల తరబడి వట్టి నీళ్లే ఎక్కువగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం కలుగుతుందని మొదటి ఆదివారమే వివరించారు. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకుంటే ఎవరికెంత చెమట పోతోందో తెలుస్తుంది. ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు పోయినట్టు. ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను అరలీటరు సీసాలో కలిపేవాళ్లను ఆయన అక్కడికక్కడే ఆపేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం 20.5 గ్రాముల పొడి లీటరు నీటికి లెక్క, చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. ఆ సూత్రానికి సరిపోని తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆహార భద్రత సంస్థ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది గానీ, ప్యాకెట్ మీది వివరాలు చదివి కొనడం ఇప్పటికీ మేలు. ఖరీదైన ఎనర్జీ జెల్స్ ఎవరి చేతా కొనిపించలేదు. ముందు రాత్రి జొన్న రొట్టె మానేసి అన్నం తినమన్నారు, ఎందుకంటే పీచు ఎక్కువైతే తెల్లవారి పరుగు మధ్యలో ఇబ్బంది. పొద్దున ఒక అరటిపండు, గంట దాటిన పరుగుల్లో రెండు మూడు ఖర్జూరాలు, ఇంటికి చేరాక ఉప్పు వేసిన మజ్జిగ.

ఇక లోపాలు. ట్రాక్ మీది సాధన నాకు తృప్తినివ్వలేదు. హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన సింథటిక్ ట్రాక్ ఉంది. అంతటి ట్రాక్ అందుబాటులో ఉన్న ఊళ్లు తెలంగాణలో ఎన్నో లేవు. దాన్ని వాడుకోవాలన్న ఉత్సాహంతో సహాయ శిక్షకులు నాలుగో వారం నుంచే 400 మీటర్ల వేగ పరుగులు మొదలుపెట్టారు. వాళ్లిద్దరూ తక్కువ దూరాల పరుగుల నుంచి వచ్చినవాళ్లు కావడంతో వాళ్ల చూపు వేగం మీదే. మొదటిసారి హాఫ్ మారథాన్ పరిగెత్తే నలభై ఏళ్ల మనిషికి అప్పటికి అది అవసరం లేదు. పన్నెండు, పదిహేను నిమిషాల పాటు కొంచెం కష్టంగా, నిలకడగా సాగే టెంపో పరుగు సరిపోయేది. పిక్క ముందు ఎముక వెంట నొప్పులు మా బ్యాచ్‌లో సరిగ్గా ఆ వారాల్లోనే మొదలయ్యాయి. ఇంకొక చిన్న విషయం: రద్దీ వల్ల మమ్మల్ని నాలుగో లేన్‌లో పరిగెత్తించి, లెక్క మాత్రం రౌండుకు 400 మీటర్లే వేసేవారు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు కాబట్టి నాలుగో లేన్‌లో ఒక్కో రౌండుకు సుమారు 23 మీటర్లు ఎక్కువ పరిగెడతాం. పది రౌండ్లకు అది 230 మీటర్లు. అంకెలు అడిగేవాళ్లకు సరైన అంకెలు ఇవ్వాలి.

అంతకన్నా పెద్ద లోపం, అందరికీ ఒకే ప్రణాళిక. మా బ్యాచ్‌లో కాజీపేట లోకో పైలట్లు ఉన్నారు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా మైదానానికి వచ్చిన మనిషికీ, ఎనిమిది గంటలు నిద్రపోయి వచ్చిన డిగ్రీ విద్యార్థికీ ఆ రోజు ఒకే సాధన రాసి పెడితే ఎలా కుదురుతుంది? అడిగితే మార్చి ఇచ్చేవారు, అది నిజమే. కానీ అడగాలని తెలియనివాళ్లు అడగరు. వారానికి పది శాతానికి మించి దూరం పెంచకూడదన్న నియమాన్ని సహాయకులు మంత్రంలా వల్లించేవారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్త పరుగువాళ్ల మీద జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ నియమం ప్రకారం నెమ్మదిగా పెంచినవాళ్లలోనూ మామూలు ప్రణాళిక పాటించినవాళ్లలోనూ గాయాలు దాదాపు సమానంగానే, ఐదుగురిలో ఒకరికి చొప్పున కనిపించాయి. అందుకని నియమం పనికిరాదని అనను. ఒక్క అంకెను నమ్ముకుని మనిషి నిద్రను, నొప్పిని, పాత గాయాలను అడగకుండా ఉండటం సరికాదని మాత్రమే అంటున్నాను. పిక్కలకు, తుంటికి బలమిచ్చే వ్యాయామాలు వారానికి రెండుసార్లు చేయాలని వాట్సాప్‌లో రాసేవారే తప్ప, ఒక్క రోజు కూడా నిలబెట్టి చేయించలేదు. మునివేళ్ల మీద లేవడం, ఒంటికాలి స్క్వాట్ (ఒక కాలి మీద గుంజీ) వంటివి చూసి నేర్చుకోవలసినవి. మోకాలు లోపలికి వంగుతోందో లేదో ఎవరికి వాళ్లు కనిపెట్టలేరు.

స్త్రీలకు సంబంధించి ఒక మాట. రోడ్డు పరుగుల్లో ఆడవాళ్లను ఒంటరిగా వెనుక వదిలేయకుండా ఒక సహాయకుడు చివరి మనిషితోనే రావడం, వీధికుక్కలున్న గల్లీలను ముందే చూసి తప్పించడం మెచ్చుకోవలసిన ఏర్పాట్లు. కానీ రెండు గంటలకు పైగా సాగే పరుగు మొదలయ్యే చోట, మధ్యలో మరుగుదొడ్డి సౌకర్యం గురించి ఎవరూ ఆలోచించలేదు. పెట్రోలు బంకుల వాళ్లతో ముందుగా ఒక మాట అనుకుంటే తీరే సమస్య ఇది.

చివరి రెండు వారాల్లో దూరాన్ని దాదాపు సగానికి తగ్గించి, వేగాన్ని మాత్రం కొద్దిగా నిలబెట్టిన తీరు బాగుంది. ఆ రోజుల్లో కాళ్లు ఊరికే ఉండలేక పీకడం మామూలేనని, కొత్తగా ఏదీ ప్రయత్నించవద్దని, బూట్లు మార్చవద్దని రోజూ గుర్తుచేశారు. పోటీ ప్రయాణం విషయంలో మాత్రం ఎవరి తిప్పలు వాళ్లవే. బిబ్ (ఛాతీ మీద తగిలించుకునే పోటీ నంబరు చీటీ) ముందే తీసుకోవాలి, పరుగు తెల్లవారకముందే మొదలవుతుంది, కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాదాపు 130 కిలోమీటర్లు. కాబట్టి శనివారం రాత్రి బస తప్పదు. అంతమంది ఒకే ఊరి నుంచి వెళుతున్నప్పుడు కలిసి గదులు తీసుకునే ఏర్పాటు బ్యాచ్ తరఫున చేసి ఉంటే ఖర్చూ, ఆందోళనా రెండూ తగ్గేవి. నేను రెండు గంటల నలభై నిమిషాల లోపు, ఎక్కడా నడవకుండా ముగించాను. అది చాలావరకు ఆ సైకిల్ వెంటాడిన ఫలితమే.

కొత్తగా చేరాలనుకునేవాళ్లకు వేసవి బ్యాచ్ కన్నా చలికాలపు బ్యాచ్‌నే సూచిస్తాను. ఆగస్టు పోటీకి సిద్ధం కావాలంటే మొదటి నెల ఎండతోనూ, మిగిలిన రెండు నెలలు తేమతోనూ పోతాయి. అదే అక్టోబర్ మొదట్లో మొదలుపెడితే డిసెంబర్ నాటికి దూరపు పరుగులన్నీ చల్లని ఉదయాల్లో పడతాయి. జనవరిలో ముంబై మారథాన్ వంటి పోటీల్లో హాఫ్ విభాగానికి పేరు నమోదు చేసుకోవచ్చు, అయితే నమోదు నెలల ముందే మొదలవుతుంది కాబట్టి త్వరపడాలి. డబ్బు కట్టే ముందు కోచ్ గారితోనే మాట్లాడి, మీ డ్యూటీ వేళలు, పాత గాయాలు చెప్పి ప్రణాళిక మార్చి రాయించుకోండి. మొదటి ఎనిమిది వారాలు వేగ పరుగులు వద్దని, బలం పెంచే వ్యాయామాలను మైదానంలోనే చేయించాలని అడగండి. అడిగినవాళ్లకు ఆయన కాదనలేదు.