దత్తత బిడ్డను చేర్చేవారికి: ఈ ప్లేస్కూల్ ఎలా ఉంది?

హైదరాబాద్‌లోని ఈ ప్లేస్కూల్‌లో మెచ్చుకోవాల్సింది అలవాటు చేసే తీరు. మొదటి వారం అమ్మో నాన్నో తరగతిలోనే కూర్చోవచ్చు, రోజుకు గంటే బడి. తర్వాత వాళ్లు పది నిమిషాలు బయటికి, ఆపై అరగంట. బిడ్డకు చెప్పే వెళ్లాలి. కళ్లుగప్పి జారుకుంటే, దత్తతకు ముందు పెరిగిన శిశుగృహలో ఆయాలను ఒకసారి వదిలి వచ్చిన బిడ్డకు మళ్లీ అదే జరిగిందన్న భయం పట్టుకుంటుంది. అమ్మ చున్నీ వెంట తెచ్చుకోనిస్తారు. గుమ్మం దగ్గర రోజూ ఒకే టీచరమ్మ ఉంటారు, అన్నిటికన్నా విలువైనది ఇదే.

‘మా కుటుంబం’ చార్టుకు మాత్రం పసికందుగా ఉన్నప్పటి ఫొటో అడుగుతారు, దత్తత బిడ్డకు అది ఉండకపోవచ్చు. ముందే మాట్లాడి, ఇప్పటి ఫొటో పెట్టించండి.

మొదటిరోజే ఏడవకుండా ఎవరి చంకైనా ఎక్కే బిడ్డను ‘భలే అలవాటుపడింది’ అనేస్తారు. ఒప్పుకోకండి. అమ్మానాన్నలతో బంధం ఇంకా కుదరలేదేమో, మరో రెండు నెలలు ఆగడం మేలు.